బంగినపల్లికి వింత రంగు

ఏలూరు జిల్లా నూజివీడు తోటల్లో, మే నెల మధ్యాహ్నం, ఓ బంగినపల్లి చెట్టు కింద నిలబడ్డారనుకోండి. బయట ఎండ కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది; కొమ్మల కింద చిక్కటి నీడ. పసుపు తిరుగుతున్న కాయను స్లైడు ఫిల్ముమీద ఫొటో తీశారు. ఆ ఫిల్మును ఈ-6 అనే పద్ధతిలో కడగాలి. పొరబాటునో, సరదాకో మామూలు నెగిటివులు కడిగే సి-41 ద్రావణాల్లో వేస్తే?

బొమ్మ వస్తుంది. కాని స్లైడు రాదు, నెగిటివు వస్తుంది! దానినుంచి ఫొటో వేస్తే కాయకు ఆకుపచ్చ ఛాయో, నీలి ఛాయో పట్టుకోవచ్చు. ఏ ఛాయ అన్నది ఫిల్ము రకాన్నిబట్టి ఉంటుంది. దీనికే క్రాస్ ప్రాసెసింగ్ అని పేరు.

ఫిల్ములో వెండి లవణపు రేణువులుంటాయి. పెద్ద రేణువు కొద్దిపాటి కాంతికే స్పందిస్తుంది. చిన్నదానికి ఎక్కువ కాంతి కావాలి. కోతకు వెళ్ళినవాళ్ళు ముందు బాగా ఎదిగిన కాయలు దించి, చిన్నవాటిని చెట్టుకే వదిలేస్తారు గదా, అలాగన్నమాట. ఈ-6లో మొదటి డెవలపరు 38 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 6 నిమిషాల్లో కాంతి తగిలిన రేణువులను వెండిగా మారుస్తుంది, రంగు పుట్టించదు. రంగు తరువాత, మిగిలిపోయిన రేణువుల దగ్గర పుడుతుంది. వాటిలో చిన్నవే ఎక్కువ కనుక స్లైడు బొమ్మ నునుపుగా ఉంటుంది. సి-41లోనూ వేడి 38 డిగ్రీలే. కాని అక్కడ 3 నిమిషాల 15 సెకన్లలో, కాంతి తగిలిన రేణువుల దగ్గరే రంగు పుట్టేస్తుంది. దించిన పెద్ద కాయలతోనే బొమ్మ పేర్చినట్లు! అందుకే ఆ గరుకుదనం.

మరి రంగు ఎందుకు మారింది? ఫిల్ము పొరల్లోని రసాయనాలు ఈ-6 డెవలపరులో ఉండే సి.డి.-3తో కలిసి సరైన రంగునిచ్చేలా అమర్చినవి. సి-41లో ఉండేది సి.డి.-4. జోడీ మారింది, రంగూ మారింది.

కాంతి లెక్క కూడా తలకిందులవుతుంది. స్లైడుకు కాంతి ఎక్కువైతే ఎండపడిన చోటు వెలిసిపోతుంది. ఇక్కడ కాంతి తక్కువైతే నీడలోని ఆకులు నెగిటివుమీద పడనే పడవు. అందుకని 100 వేగం ఫిల్ముకు మీటరును 50 దగ్గర పెట్టి, రెట్టింపు కాంతి ఇవ్వడం కద్దు. ఎంత ఇచ్చినా ఎండనీడల తేడా మాత్రం అసలుకన్నా ఎక్కువగానే కనిపిస్తుంది.

సరదా బొమ్మకు ఇదంతా ఒక అందమే. ఆ గరుకు ఆకాశం నాకూ ఇష్టమే. కాని కాయ పక్వానికి వచ్చిందా, తొక్కమీద తెగులు మచ్చ ఏ రంగులో ఉందీ రైతులకు చూపడానికి తీసిన బొమ్మ అయితే? అక్కడ రంగే సాక్ష్యం. సి-41లో మునిగిన ఫిల్మును మళ్ళీ ఈ-6లో వేసి స్లైడు రాబట్టలేం. కంప్యూటరులో రంగు సవరించవచ్చు గాని, అసలు కాయ రంగు తెలిసినవాళ్ళు పక్కన ఉండాలి.

2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడు ఫిల్మును కొడాక్ కంపెనీ 2018లో మళ్ళీ తెచ్చింది. ఏ పద్ధతిలో కడగాలో ఫిల్ము డబ్బీ మీదే అచ్చువేసి ఉంటుంది.