ఆపద్ధర్మమునకు గడువు



వేసవిలో మన కోనసీమ కాలువలను కొంతకాలము కట్టివేయుట మీకు క్రొత్త గాదు. పూడిక తీయవలెను, గట్లు పటిష్ఠపరుపవలెను, లాకులు బాగుచేయవలెను. నీరాగినందులకు రైతు ఎవ్వరిని నిందింపడు. కాని కాలువ కట్టిననాడే ఒక్క మాట అడుగును: "మరల నీరెప్పుడు వదలుదురు?" యుద్ధకాలమున పౌరుల హక్కులను నిలిపివేయుటను గూర్చి నేడు నేను చెప్పదలచినది, ముఖ్యముగ ఆ ప్రశ్నను గూర్చియే.

ఆపద్ధర్మమన్న మాట మనకు పాతది. భారతమున శాంతిపర్వమందు దానికై ప్రత్యేకముగ ఒక భాగమే కలదు. ఘోరక్షామమున విశ్వామిత్రుడంతటివాడు కుక్కమాంసమునకు సిద్ధపడిన కథ అందులోనిదే. అయితే క్షామము తీరిన పిమ్మట గూడ అదియే ఆహారమని ఏ ఋషియు చెప్పలేదు.

మన రాజ్యాంగమును వ్రాసినవారిలో పెక్కుమంది విచారణ లేని నిర్బంధమును స్వయముగ అనుభవించినవారు. 1939లో యుద్ధము రాగానే ఆంగ్లప్రభుత్వము భారత రక్షణ శాసనమును తెచ్చెను. 1942 ఆగస్టు ఉద్యమమున ఆ నిబంధనలక్రిందనే వేలకొలది జనులు చెరసాలల పాలైరి. ఆ నెల 12వ తేదిన తెనాలిలో తుపాకులు ప్రేలి ఏడుగురు నేలకొరగిరి. 1943 ఏప్రిలులో ఫెడరల్ కోర్టు నిర్బంధపు నిబంధన చెల్లదని తీర్పు చెప్పగా, ప్రభుత్వము కొలది దినములలోనే ఆర్డినెన్సు నొకదానిని జారీచేసి ఆ లోపమును పూడ్చుకొనెను. ఇంత చూచిన పెద్దలే, మన కోనసీమ బిడ్డ కళా వెంకటరావుగారు సభ్యులుగా నున్న ఆ రాజ్యాంగసభలోనే, హక్కులను నిలిపివేయు అధికారమును క్రొత్త రాజ్యాంగమున నిలిపిరి. 1949లో హెచ్. వి. కామత్ వంటివారు తీవ్రముగ ప్రతిఘటించినను ఆ ప్రకరణము నెగ్గెను. దేశవిభజన గాయము పచ్చిగా నున్న కాలమది. వారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

ఆ యేర్పాటెట్టిదో వినుడు. 352వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించును. ప్రకటించినంతనే 358వ అధికరణముచేత, 19వ అధికరణమున చెప్పబడిన వాక్స్వాతంత్ర్యము, సభాస్వాతంత్ర్యము మొదలగునవి ప్రభుత్వమునకు అడ్డురాకుండ తొలగును. 359వ అధికరణపు మార్గము వేరు. అది హక్కును రద్దుచేయదు. ఆ హక్కుకొరకు న్యాయస్థానమునకు పోవు దారిని మూయును. నేను బడిలో ఈ పాఠము చెప్పుచుండగా ఒక కుర్రవాడు లేచి, "హక్కున్నది గాని అడుగరాదన్నచో అది ఉన్నట్లా, లేనట్లా, మాస్టారూ?" అని అడిగెను. అమరకోశము, ఆంధ్రశబ్దచింతామణి చదివిన నాకు తృప్తికరమైన సమాధానము దొరకలేదు.

సుప్రీంకోర్టులోను ఆ కుర్రవాని ప్రశ్నయే వచ్చినది. 1962 అక్టోబరు 26న, చైనా దండయాత్ర నడుమ, అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. నిర్బంధితులు 21, 22 అధికరణముల పేర కోర్టు కెక్కరాదని కొలది దినములలోనే ఉత్తరువు వచ్చెను. 1963లో మఖన్ సింగు వ్యాజ్యమున అధికసంఖ్యాకులగు న్యాయమూర్తులు ఆ దారి మూసియున్నదనిరి. అయితే నిర్బంధము దురుద్దేశముతో జరిగినదనియో, శాసనమునకే విరుద్ధమనియో చూపవచ్చునని చిన్న కిటికీ నొకదానిని తెరచియుంచిరి. వారితో ఏకీభవింపని న్యాయమూర్తి మన రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు. రాజ్యాంగపు దారి మూసినను, పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడు 491వ సెక్షను నిర్బంధితుని విడిపించుటకు హైకోర్టున కిచ్చిన అధికారము చెక్కుచెదరలేదని ఆయన వాదము. ఆయన మాట నెగ్గలేదు. తరువాత 1973లో వచ్చిన క్రొత్త కోడున ఆ సెక్షనే లేకపోయెను!

ఆ చిన్న కిటికీయైనను పనికివచ్చినది. కేరళమున కిరసనాయిలు వర్తకు డొకడు భారత రక్షణ నిబంధనలక్రింద నిర్బంధింపబడెను. తన బంధువులకు ఆ వ్యాపార మిప్పించుటకై ఒక పోలీసు అధికారి చేసిన పని యిదియని అతని ఆరోపణ. ఆ అధికారి ప్రమాణపూర్వకముగ కాదనలేదు. 1966లో సుప్రీంకోర్టు వర్తకుని విడిపించెను. దేశరక్షణ యెక్కడ, కిరసనాయిలు డబ్బా యెక్కడ!

ఇక తేది సంగతి. చైనా 1962 నవంబరు 21ననే కాల్పుల విరమణ ప్రకటించెను. అత్యవసర పరిస్థితి మాత్రము 1968 జనవరి 10 వరకు నిలిచెను. నడుమ 1965లో పాకిస్తానుతో యుద్ధము జరిగిన మాట నిజమే. అది కొలది వారములలోనే ముగిసినది. 1971 డిసెంబరు 3న మరల ప్రకటన. ఆ యుద్ధము 16వ తేదికే ముగిసినను ప్రకటన 1977 మార్చి దాక పోలేదు. కారణ మేమనగా, పార్లమెంటు ఒక్కసారి ఆమోదించినచో, ప్రభుత్వము తానై ఉపసంహరించుకొనువరకు ప్రకటన చెల్లునట్లు ఆనాటి రాజ్యాంగమున నుండెను. కాలువ కట్టిరి, నీరు వదలు తేది వ్రాయలేదు.

ఆ పాత ప్రకటన అమలునందుండగనే, 1975 జూన్ 25న ఆంతరంగిక కల్లోలము పేర మరియొకటి వచ్చెను. అది యుద్ధము గాదు; ఉపయోగించినది మాత్రము యుద్ధమునకై చేసిన ఆయుధమే. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు నిర్బంధితునకు హైకోర్టు తలుపు తట్టు హక్కే లేదనిరి. హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే కాదనిరి. మరుసటి సంవత్సరము ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకన్న చిన్నవారికి పోయెను. 1976 నాటి ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టే త్రోసివేసినది.

గడువు కుదిరినది 1978 నాటి 44వ సవరణచేత. నేడు మంత్రివర్గము వ్రాతమూలకముగ సలహా యియ్యనిదే రాష్ట్రపతి ప్రకటన చేయరాదు. పార్లమెంటు ఉభయసభలు నెలలోపల ఆమోదింపవలెను. సభకు వచ్చి ఓటుచేసినవారిలో మూడింట రెండువంతులును, మొత్తము సభ్యులలో సగమునకు మించియు అనుకూలింపవలెను. ఆరేసి నెలలకు మరల అట్లే ఆమోదింపకున్న ప్రకటన తనంత తానే పోవును. లోకసభలో పదవవంతు సభ్యులు వ్రాసియిచ్చినచో, రద్దు విషయమై సభను ప్రత్యేకముగ పిలువవలసినదే. 'ఆంతరంగిక కల్లోల' మన్న మాట తీసివేసి 'సాయుధ తిరుగుబాటు' అని చేర్చిరి. ప్రాణమునకు, శరీరస్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణమును, నేరము లేనిదే శిక్ష కూడదను 20వ అధికరణమును ఏ యుద్ధమునందైనను 359 క్రింద మూయరాదు. 19వ అధికరణము మాత్రము యుద్ధమో, పరదేశదండయాత్రయో వచ్చినపుడు నేటికిని తొలగునదే.

ఈ షరతులు వచ్చిన పిమ్మట 352 క్రింద ప్రకటన యొక్కటియు వెలువడలేదు. 1999లో కార్గిలు కొండలపై మన సైనికులు పోరాడినపుడును వెలువడలేదు.