జెట్ బోటు ఇంజన్ ఓవరాలింగ్: రైన్ నది మీద ఆగిపోకూడదంటే

ఈ వారం ఎపిసోడ్‌లో నేను గబగబా చెప్పేసిన లెక్కలు సగం మందికి అందలేదని మెసేజ్‌లు వచ్చాయి. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పటిలాగే కింద ఉంది. కువైట్‌లో గ్యారేజీలో పనిచేసే ఒక తమ్ముడి ప్రశ్నకి మాత్రం నింపాదిగా రాయాలనిపించింది: "అన్నా, కారు ఇంజనే కదా, బోరు చేయించి బోటులో పెట్టేస్తే సరిపోదా?"

సరిపోదు.

జెట్ బోటుకి ప్రొపెల్లర్ బయట ఉండదు. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లాగి, ఇంపెల్లర్‌తో వెనక నాజిల్‌లోంచి చిమ్ముతుంది. అందుకే తక్కువ లోతులో బాగా పనికొస్తుంది. 2018 అక్టోబరులో కౌబ్ ఊరి దగ్గర రైన్ కొలబద్ద 25 సెంటీమీటర్లు చూపించింది. అది నది లోతు కాదు, కొలబద్ద మీద అంకె. నౌకల దారిలో ఇంకో మీటరు పైచిలుకు ఉంటుంది. అయినా అలాంటి రోజుల్లో ప్రొపెల్లర్ బోటు నడపడం భయమే.

కానీ జెట్‌తో ఒక చిక్కుంది. దీనికి వేరే చుక్కాని ఉండదు. నీళ్లు చిమ్మే నాజిల్‌ని పక్కకి తిప్పితేనే బోటు తిరుగుతుంది. ఇంజన్ ఆగిందా, స్టీరింగ్ కూడా పోయినట్టే.

ఇక టార్క్ సంగతి. చాలా చిన్న జెట్‌లలో ఇంజన్‌కీ ఇంపెల్లర్‌కీ మధ్య గేర్‌బాక్స్ ఉండదు. మన ఊళ్లో దమ్ము చేసే ట్రాక్టర్‌ని గుర్తుచేసుకోండి. బురదలో గంటలకొద్దీ లోడు మీదే తిరుగుతుంది, స్పీడు కాదు, పట్టు కావాలి. బోటు కూడా అంతే. కారుకి దిగుడు వస్తుంది, సిగ్నల్ వస్తుంది, ఊపిరి పీల్చుకుంటుంది. పరుగులో ఉన్న బోటుకి అదంతా లేదు, ఎప్పుడూ శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నట్టే.

పైగా ఇంపెల్లర్ లాగే పవర్, ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆర్‌పీఎం 10 శాతం పెంచాలంటే 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. 3,000 నుంచి 4,000కి వెళ్లాలంటే దాదాపు 2.4 రెట్లు. అందుకే 6,000 దగ్గర గొప్ప హార్స్‌పవర్ ఇచ్చే రేసు ఇంజన్ ఇక్కడ దండగ. ఇంపెల్లర్ దాన్ని అంతదాకా తిరగనివ్వదు.

మేము దింపింది షెవర్లే 350, అంటే 5.7 లీటర్ల వి8. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో దొరికే అమెరికన్ బోట్లలో తరచుగా కనిపించేదే. బోరు 0.76 మిల్లీమీటర్లు పెంచాం. క్రాంక్ మార్చి స్ట్రోక్‌ని 88.4 నుంచి 95.25 మిల్లీమీటర్లకి తెచ్చాం. దాంతో 6.3 లీటర్లయింది. దీన్నే మెకానిక్‌లు 383 స్ట్రోకర్ అంటారు. టార్క్ కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది. స్ట్రోక్ పెరిగింది కాబట్టి కనెక్టింగ్ రాడ్ బోల్టులు బ్లాక్ అంచుకీ క్యామ్‌షాఫ్ట్‌కీ తగలొచ్చు. చేత్తో క్రాంక్ తిప్పుతూ, తగిలేచోట అరగదీస్తూ ఒక రోజంతా పోయింది. పిస్టన్ రింగుల గ్యాప్ కూడా కారు కన్నా కొంచెం ఎక్కువ వదలాలి. విడవకుండా వేడిలో ఉంటే రింగు చివరలు ఒకదాన్నొకటి ఒత్తుకుని బోరుని గీకేస్తాయి.

క్యామ్‌షాఫ్ట్ దగ్గర ఆశపడొద్దు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ వేస్తే ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వెనక్కి పీల్చుకుంటుంది. బోటులో కూలింగ్ నీళ్లు ఎగ్జాస్ట్‌లోనే కలుస్తాయి కదా, ఆ నీళ్లు సిలిండర్‌లోకొస్తాయి.

ఇల్లు అలకగానే పండుగ కాదని మాకు కోబ్లెంజ్ దగ్గర తెలిసింది. మొదటి ట్రయల్‌లో ఇంజన్ గొంతు వింటుంటే కడుపు నిండిపోయింది. ఫుల్ రేజ్‌లో పది నిమిషాలు కాకముందే టెంపరేచర్ ముల్లు ఎగబాకింది. ఇంజన్ ఆపేశాను. ఆపగానే స్టీరింగ్ చేతిలో వదులుగా తిరిగింది. ప్రవాహం మమ్మల్ని నౌకల దారిలోకి తోస్తోంది, పైనుంచి సరుకు నౌక ఒకటి లోడుతో దిగుతోంది. అది కారులా బ్రేకు వేసి ఆగేది కాదు. లంగరు రెండోసారికి పట్టింది.

ఒడ్డుకి లాక్కొచ్చి చూస్తే, నది నీళ్లు లాగే పంపుకి నేను బిగించిన గొట్టం. లోపల తీగ చుట్టు లేని మామూలు రబ్బరు గొట్టం అది. పంపు గట్టిగా లాగేసరికి చప్పిడై అతుక్కుపోయింది. అంత ఖర్చు పెట్టిన ఇంజన్‌ని కొన్ని యూరోల గొట్టం ఆపేసింది. తప్పు నాదే.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. నది నీళ్లని హీట్ ఎక్స్‌చేంజర్ వరకే రానిచ్చి, ఇంజన్ లోపల కూలెంట్ తిప్పుతున్నాం. గల్ఫ్ ఉప్పునీళ్లలో ఇది ఇంకా అవసరం. ఆయిల్ కూలర్ పెట్టాం, ఆయిల్ ప్రెషర్ పడితే మోగే అలారం పెట్టాం. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ని బాగున్నా ఏడాదికోసారి మారుస్తాం.

స్టార్టర్, ఆల్టర్నేటర్ మాత్రం చవకని కారువి తెచ్చి పెట్టొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరుతుంది. బోటు స్టార్టర్‌లో నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టడి ఉంటుంది, కారు దానిలో ఉండదు. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ నాలుగైదు నిమిషాలు తిప్పండి.

జర్మనీలో ఉన్నవాళ్లకి ఒక మాట: ఇంజన్ ఆయిల్ అమ్మిన షాపు, కొన్నంత పాత ఆయిల్‌ని ఉచితంగా వెనక్కి తీసుకోవాలని ఇక్కడ చట్టం. బిల్లు దాచుకోండి. నదిలో ఒలకబోస్తే క్రిమినల్ కేసే.

తమ్ముడూ, ఇంజన్ దింపే ముందు జెట్ యూనిట్ విప్పి చూడు. ఇసుకకి ఇంపెల్లర్ చుట్టూ ఉండే రింగు అరిగితే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ఇంజన్ రేజ్ అవుతుంది గానీ బోటు కదలదు. చాలామంది దాన్ని ఇంజన్ వీక్ అనుకుంటారు. మీ బోటు ఫుల్ రేజ్‌లో ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో రాసి పంపు, అప్పుడు చెప్తాను బోరు అవసరమో కాదో.