టాబ్లెట్టునకు దగిన కలము: తక్కువ వెలలో నెన్నుకొను విధము

ఈ సంవత్సరము మా పాఠశాలకు వచ్చిన తలిదండ్రులలో పలువురు మమ్ము నొక్క ప్రశ్ననే యడిగిరి. ఇంట టాబ్లెట్టు గలదనియు, దానిపై పాఠములు వ్రాసికొనుటకు స్టైలసు కలము కావలెనని పిల్లలు పట్టుపట్టుచున్నారనియు, బజారులో నూఱు రూపాయల కలమును పదివేల రూపాయల కలమును గూడ గానవచ్చుచున్నవనియు, వానిలో నేది కొనవలెనో తెలియకున్నదనియు వారు చెప్పిరి. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుకనున్న కష్టము చిన్నది గాదు. మన ప్రాంతమున బీడీలు చుట్టి సంసారము నడపు తల్లులు పెక్కండ్రు గలరు. చెఱకును మొక్కజొన్నయు పండించి అప్పు దీర్చుకొను తండ్రులు గలరు. వేయి రూపాయలన వారికి కొన్ని దినముల శ్రమ. ఆ సొమ్ము పనికిరాని వస్తువునకై వ్యయము గాకుండుటకు మాకు దెలిసిన విషయము లిచ్చట వ్రాయుచున్నాము.

మొదట ముఖ్యమైన మాట చెప్పుదుము. కలమును జూచి కలము కొనరాదు. పలకను జూచి కలము కొనవలెను.

ఇది క్రొత్త ధర్మము గాదు. మన పెద్దలు తాటియాకుపై ఇనుప గంటముతో వ్రాసిరి. గంటము సిరాను విడువదు, ఆకును గీఱును. పిమ్మట నా గీతలలో మసి పూసి తుడిచినచో నక్షరములు నల్లగా దేలును. ఆకు నారవెంబడి తిన్నని గీత గీచిన ఆకు చీలునను భయముచేతనే మన లిపి గుండ్రని రూపము దాల్చెనని పలువు రభిప్రాయపడుదురు. కాగితము వచ్చిన పిదప గంటము మూలబడినది. కాగితమునకు సిరాకలము, రాతిపలకకు బలపము ఏర్పడినవి. బలపముతో కాగితముపై వ్రాయజూచువాడు లేడు. స్టైలసు అను మాటయు ప్రాచీనమైనదే. రోమనులు మైనము పూసిన కొయ్యపలకలపై వ్రాయుటకు వాడిన పుల్ల పేరునుండి యది పుట్టినది. ఏ పలక కా కలమే యను నియమము నేటి గాజుపలక విషయమునను చెల్లుచున్నది. భేద మేమనగా, తాటియాకునకును కాగితమునకును గల తారతమ్యము కంటికి గానవచ్చును. రెండు టాబ్లెట్టుల తారతమ్యము గాజు వెనుక దాగియుండును.

ఆ గాజు వెనుక నేమున్నదో చూతము. కంటికి గనబడని సన్నని వాహకపు గీతలు నిలువుగను అడ్డముగను అచ్చట పఱచబడియుండును. వానియందు స్వల్పమైన విద్యుదావేశము నిలిచియుండును. మన దేహము విద్యుత్తును బ్రసరింపనిచ్చునది గావున, వ్రేలు గాజునకు సోకగానే యా చోటి ఆవేశము కొంచెము మాఱును. ఎచ్చట మాఱెనో యంత్రము లెక్కించి, వ్రేలచ్చట నున్నదని గ్రహించును. నొక్కుటతో నిమిత్తము లేదు. కావుననే కొయ్యపుల్లతో నెంత నొక్కినను గాజు పలుకదు. ఇందువలన రెండు చిక్కులు గలుగుచున్నవి. మొన మిక్కిలి సన్నమైనచో గాజు దానిని గుర్తింపజాలదు. వ్రాయునపుడు అఱచేయి గాజుపై నానినచో దానినిగూడ వ్రేలే యనుకొని గాజు గీతలు గీయును. బజారులోని కలములన్నియు నీ రెండు చిక్కులను దీర్చుటకు జేసిన ప్రయత్నములే. ఎంతవఱకు దీర్చినదను దానినిబట్టి వెల హెచ్చుచు దగ్గుచు నుండును.

మొదటి జాతి రబ్బరు మొన కలము. విద్యుత్తును బ్రసరింపజేయు రబ్బరుగాని దారపు అల్లికగాని మొనకు దొడిగియుండును. వ్రేలివలెనే గాజు దీనిని గుర్తించును. బ్యాటరీ యక్కఱలేదు, వ్రేలితో నడచు ప్రతి టాబ్లెట్టునందును పనిచేయును. వెల సుమారు నూఱునుండి మున్నూఱు రూపాయలు. కాని మొన యైదాఱు మిల్లీమీటర్ల లావుండుటచే గీత యెచ్చట బడునో కానరాదు. మొన చివర సన్నని పారదర్శకపు బిళ్ల యమర్చిన రకమొకటి గలదు. అది కొంత మేలు. అయినను సంచిలో బడవేసినచో బిళ్ల విఱుగును.

రెండవ జాతి బ్యాటరీ గల సాధారణ కలము. దీని మొన ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. మొనయందు బుట్టు విద్యుత్సంకేతముచే గాజు దానిని వ్రేలిగా భ్రమించును. వెల సుమారు అయిదువందలనుండి వేయి రూపాయలవఱకు. గీత పడు చోటు చక్కగా గానవచ్చును. కాని అఱచేతి చిక్కు దీఱదు. చేతిని గాలిలో నుంచి వ్రాయవలెను, లేదా చిటికెనవ్రేలిని ప్రక్కవ్రేలిని గప్పు తొడుగు ధరింపవలెను. ఒక గంట పాఠము చేయి యానక వ్రాయుట యెంత కష్టమో చదువరులే యూహింపగలరు.

మూడవ జాతి ఐప్యాడులకై యితర కంపెనీలు చేయు కలము. 2018వ సంవత్సరము తరువాత వచ్చిన ఐప్యాడులతో నివి చేరి పనిచేయును. అఱచేతిని గాజు లెక్కచేయదు. సుమారు పదునైదువందలనుండి మూడువేల రూపాయలకు దొరకును. వీనియందు గల కొఱత యేమనగా, గట్టిగా నొక్కిన లావుగను, మెల్లగా నొక్కిన సన్నముగను గీత పడదు. చిత్రకారునకిది లోపమే; నోట్సు వ్రాయువానికి గాదు. ఆపిల్ కంపెనీవారు 2023లో 7,900 రూపాయల వెలతో మనదేశమున విడుదల చేసిన కలమునందును నీ గుణము లేదు. కావున ఐప్యాడు గల విద్యార్థికి నోట్సునిమిత్త మింత వెల బెట్టవలసిన పనిలేదు.

నాలుగవ జాతి టాబ్లెట్టు చేసిన కంపెనీయే దానికై చేయు కలము. సామ్‌సంగ్ వారి ఎస్ పెన్ను ఇందులో ప్రసిద్ధము. జపాను దేశపు వాకమ్ కంపెనీ పద్ధతి దానియందు గలదు. తెఱ వెనుక మఱియొక పలుచని పొర యుండి అయస్కాంతక్షేత్రమును బుట్టించును. కలములోని తీగచుట్ట యా శక్తిని గ్రహించి తిరిగి సంకేత మంపును. వ్రాయుటకు బ్యాటరీయే యక్కఱలేదు. 2020లో వచ్చిన గెలాక్సీ టాబ్ ఎస్6 లైట్ అను టాబ్లెట్టుతో నీ కలము పెట్టెలోనే వచ్చినది. కాని యదే కంపెనీ 2023లో విడుదల చేసిన గెలాక్సీ టాబ్ ఏ9లో నా పొర లేదు. దానిపై ఎస్ పెన్ను వ్రాయదు. రెండింటిపైనను పేరొక్కటే, గాజును జూచిన నొక్కటే. పలువురు మోసపోవు చోటిదియే. షావోమి, వన్‌ప్లస్, లెనోవో మొదలగు కంపెనీలకును వేఱువేఱు కలములు గలవు. ఒకదాని భాష మఱియొకదానికి దెలియదు. అందఱకు నొక్క భాష యేర్పఱుపవలెనని 2015లో కొన్ని కంపెనీలు సంఘముగా గూడినవి గాని, వాటి పద్ధతి యెక్కువగా క్రోమ్‌బుక్కులకే పరిమితమైయున్నది.

ఈ విషయమున మేమును దెబ్బతిన్నవారమే. ఒకప్పుడు పాఠశాల టాబ్లెట్టునకై పదునైదువందలు పెట్టి కలము గొంటిమి. ఇంటికి దెచ్చి ఛార్జి నింపి గాజుపై బెట్టగా నొక్క చుక్కయైన బడలేదు. కలము చెడిపోయెనని తలచి దుకాణదారునితో వాదించితిమి. అతడు పెట్టె వెనుకనున్న చిన్నయక్షరములను జూపెను. అది ఐప్యాడులకు మాత్రమే చేసిన కలము. మాది ఐప్యాడు గాదు. తప్పు కలముది గాదు, దుకాణముది గాదు, చదువక కొన్న మాది. పిల్లలకు ప్రశ్నపత్రమును రెండుసారులు చదువుడని బోధించు మేము పెట్టెమీది నాలుగు పంక్తు లొకసారియైన జదువమైతిమి.

సరియైన జాతిని నిర్ణయించిన పిదప, వీలైనచో కామారెడ్డి దుకాణములోనే మీ టాబ్లెట్టుపై వ్రాసి చూడుడు. తెప్పించుకొన్న కలమైనచో తిరిగి యిచ్చు గడువులోపలనే యీ పరీక్షలు చేయుడు.

మొదటిది, తెలుగున వ్రాసి చూచుట. అమ్మువారు సాధారణముగా ఇంగ్లీషు సంతకము చేసి చూపుదురు. ఇంగ్లీషక్షరములకు క్రింద వత్తులు లేవు, పైన గుడులు లేవు. మీరు స్త్రీ, జ్యోత్స్న, కృష్ణుడు, లక్ష్మి అను మాటలను నోటుపుస్తకములో వ్రాయునంత పరిమాణముననే వ్రాయుడు. వత్తులు విడివిడిగా నిలిచినచో కలము మంచిది. కలిసి మచ్చగా నేర్పడినచో నది మన లిపికి దగదు. రెండవది, అఱచేతిని గాజుపై బూర్తిగా నాన్చి నాలుగు పంక్తులు వ్రాయుట. మూడవది, స్కేలు ప్రక్కన బెట్టి ఏటవాలుగా మెల్లగా నొక గీత గీయుట. నాసి కలమున నా గీత పాము నడకవలె వంకరలు పోవును. త్రిభుజములు, కిరణచిత్రములు గీయువారి కిది ముఖ్యము. నాలుగవది, తలకట్టులు, దశాంశబిందువులు త్వరత్వరగా బెట్టి యొక్కటియు జాఱిపోలేదని చూచుట. అయిదవది, వేగముగా వ్రాసి, గీత మొన వెంటనే వచ్చుచున్నదో వెనుకబడుచున్నదో గమనించుట.

రబ్బరు మొన కలము మాత్రమే కొనగలవారు నిరుత్సాహపడవలదు. ఎల్లారెడ్డి వైపునుండి వచ్చు మా విద్యార్థి యొకడు అట్టి కలముతోనే యేడాది గడిపెను. మొదట వాని వత్తులన్నియు నల్లని ముద్దలుగా నుండెను. పిమ్మట పుటను రెండు వ్రేళ్లతో పెద్దదిచేసి వ్రాసి, మరల చిన్నది చేయుట నేర్చెను. నోట్సు వ్రాయు కొన్ని అప్లికేషనులలో నిందుకై ప్రత్యేకముగా నొక గడి యుండును. ఆ గడిలో పెద్దగా వ్రాసినది పుటలో చిన్నదిగా జేరును. వేగము కొంత తగ్గినను పని జరుగును.

కొన్న తరువాతి ఖర్చును గూడ లెక్కింపవలెను. సిరాకలమునకు పాళీ యెట్లో దీనికి మొన యట్లు. వ్రాయగా వ్రాయగా నఱుగును. గాజుపై కాగితమువలె గరగరలాడు పొర నంటించినచో వ్రాత కుదురుగా వచ్చును గాని మొన త్వరగా నఱుగును. కావున పెట్టెలో విడి మొనలెన్ని గలవో, పిదప విడిగా దొరకునో లేదో కనుగొనుడు. పట్టణమునకు దూరముగా ఎల్లారెడ్డి చుట్టుపట్టు గ్రామములలో నుండువారికి ఇది మఱింత ముఖ్యము. చిన్న మొనకై బస్సెక్కి కామారెడ్డికి వచ్చుట మొన వెలకంటె నెక్కువగును. ఛార్జి త్రాడు టాబ్లెట్టునకును కలమునకును నొక్కటే యైనచో మఱియొక ఖర్చు తప్పును.

ఇక నసలు ప్రశ్న: కలము కొనవలయునా? 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అను మనశ్శాస్త్రజ్ఞులు, ఉపన్యాసమును కీలకముల యంత్రముపై గొట్టుకొన్నవారికంటె చేతితో వ్రాసికొన్నవారు భావమును బాగుగా గ్రహించిరని ప్రకటించిరి. తరువాత నితరులు చేసిన పరీక్షలలో నా భేద మంత స్పష్టముగా గానరాలేదు. కావున కలము గొన్నంతమాత్రమున మార్కులు పెరుగునని మేము చెప్పజాలము. మఱియు పదవ తరగతి పరీక్ష నేటికిని కాగితముమీదనే జరుగుచున్నది. గాజుపై మాత్రమే యలవాటుపడిన చేయి కాగితముపై తడబడును. పాఠశాల విద్యార్థికి నోటుపుస్తకమే మొదటి సాధనము; కలము కొనదలచినచో రబ్బరు మొనది చాలును. ఇంటర్మీడియటునందో కళాశాలయందో జదువుచు, పి.డి.యఫ్. పుటలపై గుర్తులు పెట్టుకొని, దినమునకు గంటలకొలది వ్రాయువారికి అఱచేతిని లెక్కచేయని కలము నిజముగా నుపయోగపడును. అట్టివారు కొంత సొమ్ము కూడబెట్టుకొని సరియైన దానినే కొనుట మంచిది. మూడు నాసి కలములకు బెట్టిన సొమ్ము ఒక మంచి కలమునకు సరిపోవును.

విద్యార్థులారా, మీ తలిదండ్రులను కలము అడుగుటకు ముందు ఒక చిన్న పని చేయుడు. టాబ్లెట్టులో సెట్టింగ్సు తెఱచి, "టాబ్లెట్టును గుఱించి" అను చోట దాని పేరును మోడలు సంఖ్యను చూచి యొక చీటిపై వ్రాసికొనుడు. ఆ మోడలునకు ఏ కలము పనిచేయునో కంపెనీవారి వివరములలో చదివి, దానినిగూడ క్రింద వ్రాయుడు. చీటి చేతబట్టుకొని దుకాణమునకు బొండు. కలముపెట్టెపై నా మోడలు పేరు లేనిచో, అది యెంత చౌకయైనను సరే, అచ్చటనే యుంచి తిరిగి రండు.