పక్షవాతమున బిగిసిన కాలు: ఇంటివద్ద విద్యుచ్చికిత్స

పక్షవాతము తగ్గి మంచము దిగిన రైతు గట్టుమీద నడువలేకపోవుట మనము గ్రామములలో చూచుచున్నదే. కాలు కర్రవలె బిగిసి, మడమ నేలకానక, వ్రేళ్లు నేలను రాచుచుండును. ఇక నింతేయని యింటివారు నిరాశ చెందుదురు. ఈ బిగువునకు కారణమును, దానిని సడలించు నొక మార్గమును సభ్యులకు తెలుపదలచితిమి.

కాలువ నీటిని తూము అదుపున నుంచునట్లు, మెదడు కండరముల బిగువును అదుపున నుంచును. రక్తనాళము పూడుటచేతగాని పగులుటచేతగాని మెదడులో ఆ భాగము చెడినయెడల అదుపు తప్పును. పిక్కను వడిగా లాగినకొలది మరింత బిగియును. మెల్లగా సాగదీసిన కొంత లొంగును.

టెన్స్ అను చిన్న బ్యాటరీ యంత్రము కలదు. దాని జిగురు పలకలను చర్మమున కంటించిన, స్వల్ప విద్యుత్తు స్పర్శనాడులను మేల్కొలుపును. చీమలు ప్రాకినట్లుండునేగాని నొప్పి యుండరాదు. 2007లో ప్రకటితమైన హాంగ్‌కాంగ్ పరిశోధనయందు, పక్షవాతము వచ్చి చాలకాలమైన 88 మందిని పరీక్షించిరి. వారిలో కొందరు ఇంటివద్దనే వారమునకు 5 దినములు, 4 వారములపాటు, దినమునకు 60 నిమిషములు టెన్స్ పెట్టుకొని, పిమ్మట 60 నిమిషములు లేచుట, అడుగువేయుట మొదలగు అభ్యాసములు చేసిరి. వీరికి పిక్క బిగువు తగ్గి, చీలమండ బలమును నడక వేగమును హెచ్చెను. కావున యంత్రము దున్నుటవంటిది, అభ్యాసము విత్తుటవంటిది. మేమెఱిగిన యొక గృహమున యంత్రము కొని, అభ్యాసము విడిచి, ఫలము లేదని దానిని అటుకెక్కించిరి. దున్ని విత్తని చేను పండునా?

పాదము వ్రేలాడువారికి వేఱొక సాధనము కలదు. 1961లో అమెరికాలో లిబర్‌సన్ అను వైద్యుడు, మడమ నేలనుండి లేచినప్పుడు మోకాలి ప్రక్కనున్న నాడిని ప్రేరేపించి పాదము నెత్తించు పద్ధతిని ప్రకటించెను.

అయితే ఇంటి కరెంటు తీగెను, మోటారు తీగెను ఎన్నడును దేహమునకు తగిలింపరాదు, అది ప్రాణాంతకము. గుండెలో పేస్‌మేకరు గలవారు, గర్భిణులు, మూర్ఛరోగులు, కాలి సిరలో రక్తము గడ్డకట్టినవారు వైద్యుని యనుమతి లేక దీనిని వాడరాదు. పుండ్లపైనను, స్పర్శ తెలియని చోటను పలకల నంటింపరాదు. పలకలుంచు చోటును, విద్యుత్తు మోతాదును ఫిజియోథెరపిస్టు చూపగా ఇంటివారొకరు నేర్చుకొనవలెను.

హైదరాబాదునకు పోవువారు లక్డీకాపూల్‌లో మెట్రో యెక్కి, మూడవ స్టేషనగు పంజాగుట్టలో దిగిన నిమ్స్ ఆసుపత్రి సమీపముననే యుండును. జిల్లా ఆసుపత్రిలోను ముందుగా విచారింపవచ్చును.

తుదకొక మాట. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను పసరువైద్యమునకై తిరుగక తక్షణమే 108నకు ఫోను చేయుడు. రక్తపుగడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను. అదను తప్పిన సేద్యమువలె, కాలము మించిన వైద్యము పూర్ణఫలమీయదు.