వారానికో పేజీ

మా పెద్దవాడికి పదిహేడు నిండాయి. ఇప్పటికీ పొద్దున్నే లేపాలంటే నాలుగుసార్లు పిలవాలి. దుప్పటి లాగితే గోడవైపు తిరిగి "ఐదు నిమిషాలమ్మా" అంటాడు. అలాంటివాడు నేవీలో చేరతానంటున్నాడు. మాటవరసకి కాదు, పరీక్ష రాశాడు, పాసయ్యాడు కూడా. ఇంకా మైనరే కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లేముందు తల్లిదండ్రుల సంతకం కావాలట. ఆ కాగితం పది రోజులుగా మా ఇంట్లో టీవీ పక్కన, కరెంటు బిల్లు కింద పడి ఉంది. "ఎప్పుడు పెడతావమ్మా?" అని వాడడగడం, "చూద్దాం లేరా" అని నేననడం. వాళ్ల నాన్నగారు మాత్రం "మీ అమ్మ సరేనంటే నాకూ సరే" అని తెలివిగా తప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే స్కాట్లండ్‌లో ఉంటున్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. సెలవులకి ఆర్క్నీ దీవులు చూసొచ్చారట. "అక్కా, అక్కడ కర్క్‌వాల్ అనే ఊళ్లో సెయింట్ మాగ్నస్ అని పెద్ద చర్చి ఉంది. అందులో ఓ పుస్తకం పెట్టారు. నిండా పేర్లే! వారానికోసారి ఓ పేజీ తిప్పుతారు" అంది. ఎవరి పేర్లే అనడిగాను. చెప్పింది. తర్వాత నేనూ వెతికి చదివాను. చదివాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆకాశం వైపు చూస్తుంటే...

అవి 'రాయల్ ఓక్' అనే బ్రిటిష్ యుద్ధనౌకలో పనిచేసినవాళ్ల పేర్లు. ఆ నౌక 1914లో సముద్రంలోకి దిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో జరిగిన జట్లండ్ పోరులో పాల్గొంది. రెండో యుద్ధం వచ్చేనాటికి ముసలిదైపోయింది. కొత్త నౌకలతో సమానంగా పరుగెత్తలేదు. అందుకని స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల మధ్య ఉన్న స్కాపా ఫ్లో రేవులో లంగరు వేసి ఉంచారు. శత్రు విమానాలొస్తే దాని ఫిరంగులు కాపు కాస్తాయని.

స్కాపా ఫ్లో చుట్టూ దీవులు పెట్టిన కోట లాంటిది. దీవుల మధ్యనున్న సందుల్లో పాత ఓడల్ని ముంచి దారులు మూసేశారు. ఇక లోపలికి ఎవరొస్తారులే అనుకున్నారు. కానీ ఒక సందు సరిగ్గా మూసుకోలేదు. 1939 అక్టోబర్ 13 రాత్రి గుంథర్ ప్రీన్ అనే జర్మన్ కెప్టెన్ యు-47 అనే జలాంతర్గామిని ఆ సందులోంచి లోపలికి తెచ్చేశాడు. బ్రిటన్ యుద్ధం ప్రకటించి అప్పటికి ఆరువారాలే. అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. ఆపద నీళ్లలోంచి వచ్చింది.

అర్ధరాత్రి దాటాక, ఒంటిగంట ప్రాంతంలో మొదటి టార్పెడో ఓడ ముందు భాగానికి తగిలింది. ధన్‌మని చప్పుడు. చాలామంది లేచారు. లోపల సామాన్ల గదిలోనే ఏదో పేలి ఉంటుందనుకున్నారు. రేవులో, సొంతింట్లో ఉన్నట్టున్నప్పుడు శత్రువెలా వస్తాడు? కొందరు మళ్లీ వెళ్లి పడుకున్నారు కూడా.

నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ ముక్కే. ఆ ఓడల్లో నావికులు పడుకునేది మంచాల మీద కాదు. తాళ్లతో వేలాడదీసిన గుడ్డ పడకలు, అచ్చం మన ఉయ్యాలల్లాగే ఉంటాయి. ఆ ఉయ్యాలల్లోకి మళ్లీ ఎక్కి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఇంకో మూడు టార్పెడోలు ఓడ నడుం భాగాన తగిలాయి. దీపాలు ఆరిపోయాయి. లోపల మంటలు. అంత పెద్ద ఓడ పదమూడు నిమిషాల్లో బోర్లాపడి మునిగిపోయింది.

హోదా పేరే 'అబ్బాయి'

ఓడలో ఉన్నది 1234 మంది. పోయినవాళ్లు 835 మంది. వాళ్లతోపాటు అడ్మిరల్ బ్లాగ్రోవ్ కూడా పోయాడు. ఆ 835 మందిలో 134 మందికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు!

ఆ రోజుల్లో బ్రిటిష్ నౌకాదళంలో పదిహేను, పదహారేళ్ల పిల్లల్ని చేర్చుకునేవారు. రికార్డుల్లో వాళ్ల హోదా పేరే 'బాయ్'. అంటే అబ్బాయి, అంతే. కొన్నాళ్లు ఒడ్డున శిక్షణ ఇచ్చి ఓడెక్కించేవారు. పద్దెనిమిది నిండిన దగ్గర్నుంచి పన్నెండేళ్ల కొలువుకి ముందే ఒప్పుకోవాలి. చేరాలంటే ఇంట్లో పెద్దవాళ్ల అంగీకారం కావాలి. అంటే ప్రతి పిల్లవాడి వెనకా, ఎక్కడో ఓ ఇంట్లో, ఓ కాగితం ఉండేదన్నమాట. దాని మీద ఓ సంతకం.

టీవీ పక్కనున్న కాగితం వైపు చూడకుండా ఉండలేకపోయాను.

ఆ రాత్రి రాయల్ ఓక్ పక్కనే 'డైసీ-2' అనే చిన్న పడవ కట్టి ఉంది. మామూలు చేపల పడవ లాంటిది. దాని సారంగు జాన్ గాట్. పెద్ద ఓడ ఒరుగుతుంటే తన పడవ కూడా దాంతోపాటు లోపలికి పోయేదే. ఎలాగో విడిపించుకుని బయటపడ్డాడు. బయటపడి ఒడ్డుకి పారిపోలేదు. దీపాలు వెలిగించి, చమురు తెట్టు కట్టిన ఆ మంచునీళ్లలోంచి ఒక్కొక్కళ్లనీ పైకి లాగాడు. అలా 386 మందిని బతికించాడు. ప్రభుత్వం తర్వాత పతకం ఇచ్చింది. ఆయనకి దండం పెట్టుకోవాలనిపిస్తుంది కదూ!

ఇంత నష్టం జరిగాక గానీ పెద్దవాళ్లకి కళ్లు తెరుచుకోలేదు. ఆ తర్వాత పద్దెనిమిది నిండనివాళ్లని యుద్ధనౌకల మీద పంపే ఆనవాయితీ చాలావరకు ఆగిపోయింది. స్కాపా ఫ్లో తూర్పున ఉన్న సందులన్నిటికీ రాళ్లతో, కాంక్రీటుతో గట్లు వేశారు. ఆ గట్లు కట్టినవాళ్లలో ఇటలీ యుద్ధఖైదీలు కూడా ఉన్నారు. ఇప్పుడు వాటిమీద కార్లు తిరుగుతున్నాయి. మా చెల్లెలు వాళ్లూ వాటిమీదే వెళ్లారట.

మరి ఆ జర్మన్ కెప్టెన్? బెర్లిన్‌లో వీరుడని ఊరేగించారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1941 మార్చిలో, అతని జలాంతర్గామి అట్లాంటిక్‌లో కనిపించకుండా పోయింది. అందులో ఉన్నవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్లకీ అమ్మలున్నారు. ఆ అమ్మల ఏడుపు ఏ భాషలోనైనా ఒకటే.

నీళ్లకింద జెండా

మనలో అయినవాళ్లు పోతే అస్థికలు ఏ గోదాట్లోనో కృష్ణలోనో కలిపితేగానీ మనసు కుదుటపడదు. ఆ తల్లుల్లో చాలామందికి ఆ పాటి ఊరట కూడా దక్కలేదు. చాలామంది దేహాలు ఓడలోనే ఉండిపోయాయి. అందుకే చట్టం దాన్ని యుద్ధ సమాధిగా గుర్తించింది. సెలవు లేకుండా ఎవరూ అక్కడ నీళ్లలోకి దిగకూడదు. ముప్పై మీటర్ల లోతున ఆ ఓడ ఇంకా బోర్లాపడే ఉంది.

ఓడలో మిగిలిన చమురు ఏళ్ల తరబడి పైకి ఊరుతూ వచ్చింది. ఒడ్డు పాడవుతుంది, చేపలు చస్తాయి. తోడేద్దామంటే అది సమాధాయె. చివరికి లోపలికి వెళ్లకుండా బయటినుంచే ఓడ పళ్లేనికి రంధ్రం వేసి చమురు తోడే పద్ధతి పట్టారు. చచ్చిపోయినవాళ్ల నిద్ర చెడకూడదని ఒక ప్రభుత్వం అంత జాగ్రత్త పడటం నాకు నచ్చింది. బతికున్నప్పుడే ఆ జాగ్రత్త పడి ఉంటే ఎంత బాగుండేదో!

ఏటా అక్టోబర్‌లో ఆ చోట ప్రార్థన జరుగుతుంది. నౌకాదళం గజ ఈతగాళ్లు కిందికి దిగి ఓడ వెనక భాగాన కొత్త జెండా కడతారు. పైనున్నవాళ్లకి అది కనిపించదు. అయినా కడతారు. ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్లలో చివరాయన 2016లో కన్నుమూశాడు. ఓడ మునిగిన నాటికి ఆయనా ఓ 'అబ్బాయే'. చూసినవాళ్లు ఇక ఒక్కరూ లేరు. అయినా జెండా ఆగలేదు.

చర్చిలో ఆ పుస్తకం పక్కనే ఓడ గంట కూడా ఉంది. 1970ల్లో నీళ్లలోంచి తీసి బాగుచేసి పెట్టారు. గంట మోగితే అందరికీ వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ పుస్తకమే గొప్పగా అనిపించింది. ఏడాదికోసారి దండలు వేసి ఉపన్యాసాలివ్వడం తేలిక. కానీ ప్రతివారం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వెళ్లి, ఓ పేజీ తిప్పి రావడం ఇంటిపని లాంటిది. ఇవాళ చేశాం కదా అని రేపు మానేసేది కాదు. తులసికోట దగ్గర దీపం పెట్టేవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు.

835 అంటే అంకె. అందరం అయ్యో అనుకుని మర్చిపోతాం. పేజీ తిప్పితే అలా కాదు. అడ్మిరలైనా, పదహారేళ్ల పిల్లవాడైనా, ఎవరి వారం వచ్చినప్పుడు వాళ్ల పేరు వెలుతురులోకి వస్తుంది. ఒక్కొక్క పేరూ ఒక తల్లి పెట్టుకున్నదే కదా!

ఇదంతా మావాడికి చెప్పాను. భయపెట్టడానికి కాదు, తెలిసి వెళ్లాలని. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. "ఆ పిల్లలకి ముందే తెలిసుంటే చేరేవాళ్లు కాదంటావా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "కొందరు చేరేవాళ్లేనమ్మా" అన్నాడు. వాడి గొంతులో అంత పెద్దరికం ఎప్పుడొచ్చిందో!

మర్నాడు కరెంటు బిల్లు కింద నుంచి కాగితం తీశాను. సంతకం చేసేముందు, పైన రాసి ఉన్న వాడి పేరు ఇంటిపేరుతో సహా ఒకసారి చదువుకున్నాను. ఆ తర్వాతే పెట్టాను.