పాము కాటుకు పసరు మందు... పనిచేస్తుందా?

చీకటి పడుతుండగా గడ్డిమోపు ఎత్తుకోబోతే చేతికి చురుక్కుమంటుంది. చూస్తే పాము! 'పక్క ఊళ్లో పసరు పోస్తారు, పదండి' అంటారెవరో. ఆస్పత్రి దూరం, పసరు దగ్గర. మరి ఆ పసరు ప్రాణం నిలబెడుతుందా?

మొక్కల్లో గుణం లేదని కాదు. వేసవిలో షర్బత్‌ చేసుకునే సుగంధిపాల తెలుసుగా? ఆ వేరులోని ఓ పదార్థం రక్తపింజర విషప్రభావాన్ని తగ్గించినట్టు కోల్‌కతా శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది. దూలగొండి గింజల సారాన్ని ముందుగా ఇచ్చిన ఎలుకలు చిన్నపింజర విషాన్ని కొంతవరకూ తట్టుకున్నాయి.

కిటుకంతా ఆ 'ముందుగా'లోనే ఉంది. పాము చెప్పి కరవదు కదా! పైగా చాలా ప్రయోగాల్లో విషాన్నీ మొక్కసారాన్నీ కలిపాకే ఎలుకకు ఎక్కిస్తారు. కాటు పడ్డాక ఒళ్లంతా పాకే విషాన్ని నోట్లో పోసిన పసరు ఆపడం వేరే సంగతి.

కొన్ని పసర్లతో ముప్పు కూడా. పాము కాటుకు పేరుపడ్డ ఈశ్వరి వేరులో ఉండే అరిస్టోలోకిక్‌ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కీ దారితీస్తుంది. రక్తపింజర విషం చేసేదీ మూత్రపిండాలకు చేటే!

మరి పసరుతో బతికినవాళ్ల మాటేంటి? మన చుట్టూ తిరిగేవాటిలో విషం లేని పాములే ఎక్కువ. విషసర్పమైనా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. బతికింది అందుకే... పేరు మాత్రం పసరుకి!

2000 నుంచి 2019 వరకూ మనదేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఇంజెక్షన్‌ ఒకటే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమిచ్చి, వాటి రక్తం నుంచి దీన్ని తయారుచేస్తారు.

కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. ఉంగరాలూ గాజులూ తీసేసి, కరిచిన చోటు కదలకుండా చూస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కట్లపాము కాటైతే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. కొన్ని గంటల తర్వాత రెప్పలు వాలి, ఊపిరి అందదు. 'ఏం కాలేదులే' అని పడుకోబెట్టకూడదు.

పాము కాటుకు వాడిన సర్పగంధి వేరు నుంచే 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. అది రక్తపోటుకి మందైంది. రేపు మరో వేరులో విషానికి విరుగుడూ దొరకొచ్చు. అందాకా... వేరు ప్రయోగశాలకి, మనిషి ఆస్పత్రికి!