ఒక ధ్వనికి పలు దారులు

2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ ఏట తిరుపతి జిల్లాలో చేరిన తడ, చెన్నైకి పోయే జాతీయ రహదారి మీద ఉన్నది. ఊరికి తూర్పుగా పులికాట్ సరస్సు. ప్రళయకావేరి అని దానికి మరొక పేరు. శీతకాలంలో ఫ్లెమింగో పక్షులు గుంపులుగా వచ్చి, ఈ సరస్సులోని లోతులేని నీటిలో మేత వెదుక్కుంటాయి. వాటి కూతను ముద్రించాలని విద్యార్థులు కొందరు స్టీరియో మైకుతో గట్టున నిలిచారనుకోండి. మైకుకు పక్షి కూత ఒక్కటే చేరదు. సరస్సు మీది గాలి హోరు, రహదారిన పోయే లారీల రొద, కూతతో కలసి ఒకే విద్యుత్సంకేతంగా కంప్యూటరులోకి వస్తాయి.

ఇలా కలసిన ధ్వనులను పూర్తిగా విడదీయటం కష్టం. అయితే మానవుని చెవికి వినబడే ధ్వనుల పౌనఃపున్యం సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది. గాలి హోరు, లారీల రొద ఎక్కువగా దీనిలో కింది భాగంలోనే ఉంటాయి. కాబట్టి సంకేతాన్ని మంద్ర, మధ్య, తార భాగాలుగా విభజించి, మంద్ర భాగాన్ని మాత్రమే తగ్గిస్తే కూత స్పష్టంగా వినబడుతుంది. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క దారి ఏర్పరచటమే ఇక్కడి కిటుకు.

బయటికి ఆరు ద్వారాలు

1930ల నాటి టాకీలలో పాట, వాద్యం కలసి ఒకే ధ్వనిరేఖగా ఫిల్ము మీద ముద్రితమయ్యేవి. తరువాత ఒకదాన్ని పెంచి మరొకదాన్ని తగ్గించే వీలు ఉండేది కాదు. 1957లో అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసునికై ఆంపెక్స్ సంస్థ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసింది. ఈనాడు ఆ ట్రాకులన్నీ కంప్యూటరులోనే ఉన్నాయి. ధ్వనిని మార్చే పెట్టెల స్థానంలో ప్లగిన్లు వచ్చాయి. ప్లగిన్ అంటే ముద్రణ సాఫ్టువేరులో అతికించుకోదగిన చిన్న ప్రోగ్రాము. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ ప్రవేశపెట్టిన వీఎస్‌టీ పద్ధతి వీటికి విశేష ప్రచారం తెచ్చింది.

సాధారణమైన ప్లగిన్‌కు లోనికి రెండు ద్వారాలు, బయటికి రెండు ద్వారాలు ఉంటాయి. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ధ్వనిని మూడు భాగాలుగా చేసే ప్లగిన్‌కు బయటికి ఆరు కావాలి. 1, 2 ద్వారాల నుండి మంద్రం, 3, 4 నుండి మధ్యమం, 5, 6 నుండి తారం వెలువడతాయి. దానిని ఉంచిన ట్రాకులో రెండు ఛానెళ్ళే ఉంటే మిగిలిన నాలుగింటి ధ్వని ఎక్కడికీ పోదు. తూము ఉండీ కాలువ తవ్వని పొలానికి నీరు చేరదు గదా! కాబట్టి ముందు ట్రాకు ఛానెళ్ళను ఆరుకు పెంచాలి. రీపర్, ఆర్డర్ వంటి సాఫ్టువేర్లలో ఏ ద్వారం ఏ ఛానెల్‌కు కలవాలో చూపే పట్టిక ఉంటుంది. తరువాత 3, 4 ఛానెళ్ళను ఒక కొత్త ట్రాకుకు, 5, 6 ఛానెళ్ళను మరొక ట్రాకుకు, 1, 2 ఛానెళ్ళను ఇంకొక ట్రాకుకు పంపాలి. ఇప్పుడు మూడు భాగాల హెచ్చుతగ్గులు వేరువేరుగా చేతికి వస్తాయి.

నీటికీ అంకెలకూ భేదం

కాలువ పోలిక ఇంతవరకే పనికివస్తుంది. ఒక కాలువను రెండుగా చీల్చితే ఒక్కొక్క దానిలో నీరు తగ్గుతుంది. కంప్యూటరులో ధ్వని అంకెల వరుస. దానిని ఎన్ని దారులకు పంపినా ప్రతి దారికీ పూర్తి నకలు అందుతుంది. మొదటి దారిలో ఏమీ తగ్గదు. పొరపాట్లు చాలా భాగం ఇక్కడే పుడతాయి.

ఒక క్షణాన సంకేతం విలువ 100 అనుకోండి. ప్లగిన్ దానిని మంద్రం 64, మధ్యమం 26, తారం 10గా విభజించింది. మూడు కొత్త ట్రాకులను కలిపితే తిరిగి 100. గాలి హోరును తొలగించాలని మంద్రం ట్రాకును పూర్తిగా తగ్గిస్తే 36 మిగలాలి. కాని మొదటి ట్రాకు నుండి చివరి మిశ్రమానికి పోయే దారిని మూయటం మరచితే, 1, 2 ఛానెళ్ళలోని 64 ఆ దారిన కూడా వస్తుంది. అప్పుడు మొత్తం మళ్ళీ 100. మీట దించినా హోరు పోదు! మీట దించకపోతే మొత్తం 164, హోరు రెట్టింపు. కంపన పరిమితి రెట్టింపు కావటం అంటే సుమారు 6 డెసిబెల్‌ల పెరుగుదల.

కాలం కూడా లెక్కే

లెక్క సరిపోయినా మరొక చిక్కు ఉన్నది. కొన్ని ప్లగిన్లు పని ముగించటానికి కొంత వ్యవధి తీసుకొంటాయి. సెకనుకు 48,000 నమూనాలు తీసే ముద్రణలో 48 నమూనాల ఆలస్యం అంటే సెకనులో వెయ్యోవంతు. ఇది అల్పంగా తోస్తుంది. అయితే 500 హెర్ట్జ్ తరంగం ఒక ఆవృత్తికి సెకనులో ఐదువందలవ వంతు పడుతుంది. వెయ్యోవంతు ఆలస్యం దానికి సరిగా సగం ఆవృత్తి. ఆలస్యంగా వచ్చిన నకలులోని పల్లం, సకాలంలో వచ్చినదాని శిఖరంతో కలసి రెండూ రద్దవుతాయి. 1,500, 2,500 హెర్ట్జ్‌ల వద్ద కూడా ఇంతే. 1,000, 2,000 హెర్ట్జ్‌ల వద్ద మాత్రం రెండూ ఒకదానికొకటి బలమిస్తాయి. అంటే దువ్వెన పళ్ళలాగా కొన్ని పౌనఃపున్యాలు మాయమై పక్షి కూత సహజ గుణమే మారిపోతుంది. దీనిని నివారించటానికి పలు సాఫ్టువేర్లు ప్రతి ప్లగిన్ తెలిపే ఆలస్యాన్ని గుర్తించి, తక్కిన దారులను కూడా అంతే ఆలస్యం చేస్తాయి. ప్లగిన్ తప్పు లెక్క చెబితే ఈ సర్దుబాటు ఫలించదు.

భాగాల సరిహద్దు కూడా ముఖ్యమే. 1976లో ప్రకటితమైన లింక్‌విట్జ్–రైలీ వడపోతలలో, సరిహద్దు పౌనఃపున్యం వద్ద ఇరుపక్కల భాగాలు చెరి సగం కంపన పరిమితితో, ఒకే దశలో ఉంటాయి. కలిపినప్పుడు అక్కడ గుంట గాని, గుట్ట గాని ఏర్పడదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఉచితంగా లభించే ఆడాసిటీ సాఫ్టువేరులో 500 హెర్ట్జ్ స్వరాన్ని 0.4 కంపన పరిమితితో సృష్టించి, దాని నకలును మరొక ట్రాకులో పెట్టి, సెకనులో వెయ్యోవంతు జరిపి, రెండింటినీ కలపాలి. మొదటా చివరా ఉండే లేశం తప్ప స్వరం మాయమవుతుంది. 1,000 హెర్ట్జ్ స్వరంతో అదే ప్రయోగం చేస్తే ధ్వని రెట్టింపవుతుంది.

ముద్రించిన కూతను విని పక్షి జాతిని గుర్తించవలసినవారికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. దారుల పొరపాటు వలన మారిన కూత పక్షిది కాదు, యంత్రానిది. అందువలన మైకు నుండి వచ్చిన మూలముద్రణను ముట్టకుండా భద్రపరచి, విభజన అంతా నకలు మీదనే చేయటం మేలు.